ఉన్నా అనడం మానేసిన మనిషి

ఇరవై రెండేళ్లు కాపురం చేశాక మొగుడి మీద కొత్తగా అనుమానం పుట్టాలంటే ఏం జరగాలి? చొక్కాకి సెంటు వాసన రావాలా? ఫోను బోర్లా పెట్టుకోవాలా? టైలరమ్మకు అవేమీ అక్కర్లేకపోయాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం పేకాటలో ఆయన చేతిలోని ముక్కలు బల్ల మీద బోర్లించి, "పెంచుతున్నా" అన్నాడు. అంతే, ఆవిడ గుండెలో రాయి పడింది.

పేకాటన్నాక పెంచరా, దానికే ఇంత రాద్ధాంతమా అనకండి. మీకు ఆ మనిషి తెలియదు కాబట్టి అంటున్నారు.

ఆయన సిటీ బస్సు డ్రైవరు. నోట్లో నాలుక లేని మనిషి. చల్లారిపోయిన టీ ఇచ్చినా మారు మాట్లాడకుండా తాగి, డబ్బులిచ్చి వచ్చే రకం. ఆవిడ ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. కత్తెరా పదునే, నోరూ పదునే. ప్రతి ఆదివారం భోజనాలయ్యాక ఇద్దరూ రెండు వీధుల అవతల ఉన్న ఆవిడ అన్నగారింటికి వెళ్తారు. అన్నయ్య ఆ బస్సు డిపోలోనే కంట్రోలరు. ఏ బండి ఎవరు తోలాలో రాసే డ్యూటీ చార్టు ఆయన చేతిలోదే. వదిన బళ్లో లెక్కల టీచరు. నలుగురూ వంటింటి పక్కగదిలో గుండ్రబల్ల చుట్టూ కూర్చుని పోకర్ ఆడతారు. పందెం డబ్బు కాదు, టైలరమ్మ డబ్బాలోని పాత గుండీలు. చివర్న ఎవరి దగ్గర తక్కువ మిగిలితే వాళ్లు గిన్నెలు తోమాలి.

ఆట తెలియనివాళ్లకి టూకీగా చెప్తాను. తలా ఐదు ముక్కలు పంచుతారు. నచ్చనివి పారేసి ఒక్కసారి మార్చుకోవచ్చు. ఆ తర్వాత పందెం. ఒకరు పెంచితే మిగతావాళ్లు అంతే పెట్టి "ఉన్నా" అనాలి, లేదంటే ముక్కలు మూసేసి తప్పుకోవాలి. చివరిదాకా ఇద్దరు మిగిలితే ఇద్దరూ ముక్కలు తిప్పి, ఏమున్నాయో పైకి చెప్పాలి. అందరూ తప్పుకుంటే మాత్రం మిగిలినవాడు ఏదీ చూపించక్కర్లేదు, మధ్యలో కుప్పంతా వాడిదే. మూసేసిన ముక్కల్ని ఎవరూ తిరగేసి చూడకూడదని ఆవిడ తండ్రి బతికుండగా పెట్టిన రూలు ఒకటుంది. ఆ ఇంట్లో ఎన్ని తప్పులనైనా క్షమిస్తారు గానీ ఆ ఒక్కదాన్ని క్షమించరు.

ఇలాంటి ఆటలో టైలరమ్మ దూకుడు మనిషి. ముక్కలు సరిగ్గా సర్దుకోకముందే గుండీలు ముందుకి తోసేది. చేతిలో ఉన్నా లేకపోయినా పెంచెయ్యాలి, ఎదుటివాళ్లకి చెమట పట్టాలి, ఇదీ ఆవిడ సిద్ధాంతం. డ్రైవరు దానికి పూర్తిగా ఎదురు. ఎవరు ఎంత పెంచినా తనంతట తాను ఒక్క గుండీ ఎక్కువ వేసేవాడు కాదు. అంతే పెట్టి, "నేనూ ఉన్నా" అనేవాడు. గెలిస్తే "అరెరె, నాకే వచ్చిందా" అని సిగ్గుపడేవాడు. అన్నయ్య ఆయనకి "ఉన్నాగారు" అని పేరు పెట్టాడు. "మా ఉన్నాగారొచ్చారు, కుర్చీ వెయ్యండర్రా" అని గుమ్మంలోనే మొదలెట్టేవాడు.

పెళ్లయిన కొత్తలో ఆవిడకి ఒళ్లు మండేది. "మంచి ముక్కలు పడ్డప్పుడైనా పెంచొచ్చు కదండీ!"

"ఎందుకోయ్? నేను పెంచితే మీరంతా లేచిపోతారు. ఊరికే కూర్చుంటే అందరి ముక్కలూ చూడొచ్చు" అనేవాడాయన.

అలాంటి మనిషి ఆ ఆదివారం "పెంచుతున్నా" అంటూ గుప్పెడు గుండీలు ముందుకి తోశాడు. వదిన కళ్లద్దాలు పైకెత్తి చూసింది. అన్నయ్య చేతిలో ముక్కలు కిందపడేసినంత పని చేశాడు.

"బాబోయ్! బావ పెంచాడంటే నాలుగు ఆసులైనా ఉండాలి. నేను లేను" అన్నాడు.

వదిన కూడా మూసేసింది. టైలరమ్మ చేతిలో రెండు జతలున్నాయి, తప్పుకోవాల్సిన ముక్కలు కావు. అయినా ఇరవై రెండేళ్ల నమ్మకం చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. ఆవిడా మూసేసింది. డ్రైవరు తన ముక్కలు ఎవరికీ చూపించకుండా పేక అడుగున దోపేసి, కుప్పని రెండు చేతులతో దగ్గరికి లాక్కున్నాడు.

పై ఆదివారం నాలుగుసార్లు పెంచాడు. ఆ పై ఆదివారం పంచిన ప్రతిసారీ పెంచాడు. ఒకసారి అన్నయ్య మొండికేసి "ఉన్నా" అనబోతే, ఆ మాట పూర్తికాకముందే ఇంకో గుప్పెడు తోశాడు. అన్నయ్య తోక ముడిచాడు. అలా నెల రోజులు గడిచాయి. ఆ నెలలో ఆయన ముక్కలు ఎవరూ, ఒక్కసారీ చూడలేదు. గిన్నెలు తోమే వంతు మాత్రం టైలరమ్మకే పడుతోంది.

"అన్నయ్యగారు ఎక్కడో నేర్చుకుంటున్నారమ్మాయ్. ఒక్క నెలలో మనిషి ఇలా మారడు. నా లెక్కకి అందట్లేదు" అంది వదిన, సబ్బు నురగ వైపు చూస్తూ.

ఆ మాట టైలరమ్మ చెవిలో జోరీగలా తిరిగింది. ఎక్కడ నేర్చుకుంటున్నాడు? ఎవరి దగ్గర? ఇంట్లో అబద్ధమాడటం చేతకానివాడికి బల్ల దగ్గర అబద్ధమాడటం ఎవరు నేర్పారు?

అప్పటినుంచి ఆవిడ ఆయన్ని కనిపెట్టడం మొదలెట్టింది. చూసేకొద్దీ కొత్తవి బయటపడ్డాయి. మాట్లాడేటప్పుడు ఆయన ఇదివరకులా మొహంలోకి చూడట్లేదు. ఆవిడ చెవి పక్కగా, భుజం వెనకాల ఎవరో నిలబడ్డట్టు చూస్తున్నాడు. తప్పు చేసినవాడు కళ్లలోకి చూడలేడని ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. పేపరు చదవడం మానేశాడు. అడిగితే, "అన్నీ అబద్ధాలే, ఎందుకు చదవడం" అన్నాడు. బల్ల దగ్గర ఎప్పుడూ కూర్చునే కుర్చీ వదిలేసి కిటికీ పక్కకి మారాడు. గాలి కోసమట! ఆ కిటికీకి అద్దం బిగించి ఉంది, గాలి ఎక్కడినుంచి వస్తుంది?

దానికి తోడు స్నానాల గదిలో గొణుగుడు ఒకటి. పొద్దున్నే గడ్డం గీసుకుంటూ, నీళ్ల చప్పుడు కింద, "గ, ప, న, ర, డ, మ" అంటున్నాడు. ఆవిడ తలుపుకి చెవి ఆనించి మరీ విన్నది. పాట కాదు, లెక్క కాదు. రెండు వారాలపాటు రోజూ అవే ఆరు అక్షరాలు. తర్వాత టక్కున ఆగిపోయాయి. గ అంటే ఎవరు? ప అంటే ఎవరు? మొదటి అక్షరాలతో పేర్లు కట్టి చూసుకుంది. ఆరుగురు ఆడవాళ్లా! ఈ మనిషికి అంత ఓపిక ఎక్కడిదని తనకే నవ్వొచ్చింది. నవ్వు ఆగాక మళ్లీ భయమేసింది.

ఇస్త్రీ చేసేటప్పుడు జేబులు తడిమింది. టిక్కెట్టు ముక్కలు, ఒక చిన్న దువ్వెన. ఏమీ దొరకలేదు. ఏమీ దొరక్కపోవడంతో అనుమానం ఇంకా ముదిరింది.

ఇంతలో అన్నయ్య ఒకరోజు మాటల్లో, "బావ బండి ఈమధ్య ట్రిప్పుకి పన్నెండు నిమిషాలు లేటుగా వస్తోందమ్మా. ఇదివరకు గడియారం చూసి తోలినట్టుండేవాడు. వయసు వచ్చిందేమో, నెమ్మదించాడు" అన్నాడు.

పన్నెండు నిమిషాలు! ఆవిడ ఆ రాత్రంతా వాటినే లెక్కపెట్టింది. రోజుకి ఆరు ట్రిప్పులు, అంటే గంటా పన్నెండు నిమిషాలు. పేకాటలో దూకేవాడు రోడ్డు మీద ఎందుకు నెమ్మదిస్తాడు? మనిషి మారితే రెండుచోట్లా ఒకేలా మారాలి కదా? ఆ పన్నెండు నిమిషాలూ బండి ఎక్కడో ఆపుతున్నాడు. ఎవరితోనో మాట్లాడుతున్నాడు. అంతకంటే వేరే దారి ఆవిడకి తోచలేదు.

పదో ఆదివారం ఆవిడ తండ్రి పెట్టిన రూలు తప్పింది. చెప్తేనే సిగ్గు, కానీ తప్పింది.

డ్రైవరు ఎప్పటిలా పెంచాడు, ముగ్గురూ తప్పుకున్నారు, ఆయన కుప్ప లాక్కున్నాడు. అందులోనూ ఒక కొత్త అలవాటు గమనించింది. గుండీల్ని చూడకుండా బొటనవేలితో ఒక్కొక్కటే తడిమి, పెద్దవి ఒకవైపు, చిన్నవి ఒకవైపు వేస్తున్నాడు. తర్వాత పంచే వంతు ఆవిడది. పేక కలుపుతున్నట్టు నటిస్తూ, ఆయన మూసేసిన ఐదు ముక్కలూ, అంతకుముందు పారేసిన రెండూ బల్ల అంచున ఓరగా తిప్పి చూసింది.

కొత్తగా తీసుకున్న రెండూ ఆయన ఎప్పుడూ చివర్న పెట్టుకుంటాడు. అవి పోను చేతిలో ఉంచుకున్నవి రెండు రాజులు, ఒక రాణి. పారేసినవాటిలో ఒక రాజు.

అంటే మొదట పడినప్పుడు ఆయన చేతిలో మూడు రాజులున్నాయి. మూడు రాజులు పడితే ఎగిరి గంతేస్తారు. ఈయన ఒక రాజుని పారేసి రాణిని ఉంచుకున్నాడు. పిచ్చి పట్టినా ఎవరూ అలా ఆడరు. ముక్కలకేసి చూడట్లేదన్నమాట, మనసంతా ఇంకెక్కడో ఉందన్నమాట. ఆవిడ చేతిలో పేక సరిగ్గా కలవక ముక్కలు జారి కిందపడ్డాయి.

"ఏమైంది నీకు?" అన్నాడు డ్రైవరు, ఆవిడ చెవి పక్కకి చూస్తూ.

"నాకేం కాలేదు. మీకే ఏదో అయింది" అంది.

అన్నయ్య నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

ఆ వారంలోనే శుక్రవారం నాడు ఆవిడ కళ్లద్దాల షాపుకి వెళ్లింది. సూదిలో దారం ఎక్కించడానికి మూడేసిసార్లు పడుతోంది, ఇక వాయిదా వేస్తే గిరాకీ పోతుందని. షాపతను కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, ఎదురుగోడ మీద వెలుగుతున్న పటంలో అక్షరాలు చదవమన్నాడు. పై వరసలు గడగడా చదివేసింది. కింది వరస దగ్గరికొచ్చింది.

"గ" అంది. "ప. న. ర."

తర్వాతి రెండూ ఆవిడకి కనపడలేదు. అయినా నోరు దానంతటదే పలికింది. "డ. మ."

"అబ్బో, ఇంత బాగా కనపడితే అద్దాలెందుకమ్మా మీకు?" అన్నాడు షాపతను.

ఆవిడ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, "ఈ పటం ఇంకెక్కడైనా ఉందా?" అని అడిగింది.

"ఊళ్లో నాలుగైదుచోట్ల ఇదే. బస్సు డిపో డాక్టరు గదిలోదీ ఇదే, నేనే ఇచ్చాను. కొంతమంది బట్టీ కొట్టి పాసైపోతారు, తెలుసా!" అని గొప్ప జోకు చెప్పినట్టు నవ్వాడు.

డిపోలో ఏటేటా జరిగే కంటి పరీక్షలో డ్రైవరు పోయిన నెలే పాసయ్యాడు. అన్నయ్య స్వయంగా చెప్పి మెచ్చుకున్నాడు.

ఆవిడ ఇంటికి ఎలా నడిచి వచ్చిందో ఆవిడకే తెలియదు. చెవి పక్కకి చూసే చూపు, పేపరు, కిటికీ, గుండీల్ని తడిమే బొటనవేలు, రాజుని రాణి అనుకోవడం. ఇక పెంచడం సంగతి. "ఉన్నా" అంటే చివర్న ముక్కలు తిప్పాలి, ఏమున్నాయో చెప్పాలి. అందరూ తప్పుకునేలా పెంచితే చేతిలో ఏముందో తనకి తెలియకపోయినా ఫరవాలేదు. అందుకే దూకుడు. రోడ్డు మీద ఎవరూ తప్పుకోరు, అందుకే నెమ్మది. ఆ పన్నెండు నిమిషాల్లో ఏ ఆడదీ లేదు. నలభై అడుగుల బండి తోలుతూ ఎదురుగా ఉన్నది మనిషో స్తంభమో పోల్చుకోలేక ఆగి ఆగి వస్తున్నాడు.

"ఛీ, ఆడదైనా బాగుండును" అనుకుంది. నిజంగానే అనుకుంది.

శనివారం సాయంత్రం వంటింట్లో, కూరగాయలు తరుగుతూ, మామూలుగా అడిగినట్టు అడిగింది. "ఏవండీ, మీ కళ్లు బాగానే ఉన్నాయా?"

ఇరవై రెండేళ్లలో ఎన్నడూ గొంతు పెంచని మనిషి ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచాడు. "నా కళ్లకేం? నీకు అద్దాలొచ్చాయని నాకూ రావాలా? మొన్ననే పరీక్ష పాసయ్యాను, పోయి మీ అన్నని అడుగు! ఇంట్లో కూడా నాకు పరీక్షలు పెడతావా?"

పక్కింటి కిటికీ తెరుచుకున్న చప్పుడైంది. ఊళ్లో అందరి నోళ్లూ మూయించే టైలరమ్మ కత్తిపీట వైపు చూస్తూ ఉండిపోయింది. ఇక్కడ కూడా ఆయన పెంచాడు, తను మూసేసింది. అరిచి గెలిచినవాడు గుమ్మం దగ్గర నిలబడి ఎంతసేపో చెప్పులు వెతుక్కున్నాడు. అవి ఆయన కాళ్ల ముందే ఉన్నాయి.

ఆవిడ అప్పటికీ పూర్తిగా నమ్మలేదు. అనుమానం అంత తేలిగ్గా వదలదు. ఆదివారం పొద్దున ఆయన తెల్లచొక్కా తీసుకుని పైనుంచి రెండో గుండీ కత్తిరించింది. దాని బదులు అంతే పెద్దదీ, అవే నాలుగు రంధ్రాలదీ, చిలకాకుపచ్చ గుండీ కుట్టింది. వేలికి తేడా తెలియదు, కంటికి మాత్రం వీధి చివర్నుంచి తెలుస్తుంది. గుండీ కాస్త వదులైనా చొక్కా తెచ్చి ఆవిడ మిషను మీద పెట్టే మనిషి ఆయన. ఆ చొక్కా వేసుకున్నాడు, అద్దం ముందు నిలబడ్డాడు, తల దువ్వుకున్నాడు, "పద, ఆలస్యమైంది" అన్నాడు.

ఆవిడ చీరచెంగుతో మొహం తుడుచుకుని వెనకాలే నడిచింది.

అన్నగారింట్లో వదిన తలుపు తీస్తూనే నవ్వింది. "ఏంటి అన్నయ్యగారూ, ఆ గుండీ! మా ఆడపడుచు డబ్బాలో రంగులు అయిపోయాయా?"

డ్రైవరు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "టైలరు మొగుణ్ణి కదా చెల్లెమ్మా, మిగిలిపోయినవే నాకు" అని తనూ నవ్వాడు. నవ్వుతూ చెయ్యి చొక్కా మీదకి పోనిచ్చాడు. ఆ వేళ్లు కాలరు కింద మొదటి గుండీ మీద ఆగాయి. అది తెల్లగుండీ. అన్నయ్య చూడలేదు, వదిన టీ తేవడానికి వెళ్లిపోయింది. టైలరమ్మ ఒక్కతే చూసింది. ఇక ఆవిడలో అనుమానం లేదు, భయం ఒక్కటే ఉంది.

పేక పంచుతూ అన్నయ్య, "బావా, రేపట్నుంచి నీకు బడి ట్రిప్పు రాశాను. ఆ డ్రైవరు సెలవు పెట్టాడు. నువ్వు ఈమధ్య నెమ్మదిగా తోలుతున్నావు కదా, పిల్లల బండికి అలాంటివాడే కావాలి" అన్నాడు.

"మా బడి పిల్లలేనండీ! నలభై మంది. మీరైతే నాకు బెంగుండదు" అంది వదిన సంతోషంగా.

డ్రైవరు ముక్కలు తీసి మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు, కిటికీ వైపు తిప్పాడు, కొంచెం పక్కకి చూశాడు. రెండు మార్చుకున్నాడు. తర్వాత తన ముందున్న గుండీలన్నిటినీ రెండు చేతులతో మధ్యలోకి తోసేశాడు.

"అన్నీ" అన్నాడు.

వదిన మూసేసింది. "నీ దూకుడికో దణ్ణం బావా" అంటూ అన్నయ్యా మూసేశాడు. ఇక టైలరమ్మ ఒక్కతే మిగిలింది.

ఆవిడ చేతిలో రెండు నాలుగులున్నాయి. చెత్త. ఎవరైనా తప్పుకునే ముక్కలే. తప్పుకుంటే ఆయన ముక్కలు పేకలో కలిసిపోతాయి, టీ తాగుతారు, రేపు ఏడింటికి నలభై మంది పిల్లలు ఆ బండి ఎక్కుతారు. అన్నయ్యని పక్కకి పిలిచి చెవిలో చెప్పొచ్చు. కానీ మొగుడి వెనకాల మొగుడి మీద చాడీ చెప్పినట్టవుతుంది, అది ఆవిడకి చచ్చినా చేతకాదు. ఇక్కడైతే ఆయన ఎదురుగా, ఆయన ఆడిన ఆటలోనే, ఆయన నోటితోనే చెప్పుకునే వీలుంటుంది. ఇరవై రెండేళ్లు ఈ బల్ల దగ్గర తను అందర్నీ బెదిరించింది. ఇప్పుడు బెదిరించడానికేమీ లేదు. కదలకుండా కూర్చోవాలి, అంతే. అదెంత కష్టమో ఆవిడకి మొదటిసారి తెలిసింది.

తన గుండీలు మొత్తం ముందుకి జరిపింది. "ఉన్నా" అంది.

డ్రైవరు మొహం తెల్లబోయింది.

"నీ దగ్గర ఏమీ లేదు. మూసెయ్" అన్నాడు మెల్లగా.

"నేను ఉన్నానండీ."

"వద్దోయ్. నా మాట విను."

"విన్నాను. ఉన్నా" అంది. చెయ్యి వెనక్కి తియ్యలేదు.

ఆయన ముక్కలు ఒక్కొక్కటిగా తిప్పి బల్ల మీద పేర్చాడు. పేర్చాక, పైకి చెప్పాలి కాబట్టి చెప్పాడు. "మూడు రాణులు."

బల్ల మీద రెండు రాణులు, ఒక జాకీ ఉన్నాయి.

"జోకులా బావా?" అని అన్నయ్య పకపకా నవ్వాడు. నవ్వుతూ డ్రైవరు మొహం చూశాడు, ఆ మొహం ఇంకా జవాబు కోసం ఎదురుచూస్తోంది. అన్నయ్య నవ్వు సగంలో ఆగిపోయింది. చొక్కా మీది ఆకుపచ్చ గుండీని చూశాడు, ముక్కల్ని చూశాడు, చెల్లెల్ని చూశాడు. వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

టైలరమ్మ తన రెండు నాలుగులు తిప్పింది. "మీరే గెలిచారు. రెండు రాణులు" అంది.

"రెండా?" అన్నాడాయన.

ఆయన చెయ్యి ముక్కల మీదకి వెళ్లి, ఒక్కొక్కదాన్నీ తడిమింది. పేకముక్కకి రంధ్రాలుండవు, అంచు తేడా ఉండదు, వేలు ఏం చెప్తుంది? చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అన్నయ్య గొంతు వినపడే వైపు తిరిగాడు.

"బావా, రేపు నన్ను బండి ఎక్కించకు. ఏ బండీ ఎక్కించకు."

అన్నయ్య జేబులోంచి డ్యూటీ చార్టు తీశాడు. పెన్ను మూత తియ్యడానికి ఆయనకి రెండుసార్లు పట్టింది. ఇరవై రెండేళ్లుగా ఒక్క మచ్చ లేకుండా ఉన్న పేరు మీద గీత గీస్తూ, "ఎన్నాళ్లయిందిరా?" అన్నాడు. ఎప్పుడూ బావా అనేవాడు, ఆ పూట నోరు తిరగలేదు.

"ఏడు నెలలు. మధ్యలో మసక. చుట్టూ బాగానే కనపడుద్ది... కనపడుతుంది. మధ్యలోనే. అదే సర్దుకుంటుందనుకున్నా."

వదిన కుర్చీ వెనక్కి జరిపి వంటింట్లోకి వెళ్లింది. కొళాయి తిప్పిన చప్పుడు వచ్చింది, గిన్నెల చప్పుడు మాత్రం రాలేదు.

డ్రైవరు పెళ్లాం వైపు తిరిగాడు. చెవి పక్కకే చూశాడు. ఆవిడకి ఇప్పుడు కోపం రాలేదు. అలా పక్కకి చూస్తేనే తన మొహం ఆయనకి కనపడుతుందని అర్థమైంది. ఇన్నాళ్లూ తప్పించుకుంటున్నాడనుకున్న చూపు తనని వెతుక్కుంటోంది. ఏడుపు ఆపుకోవాలని ఆవిడ ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగాడు.

"పొద్దున్న. గుండీ కుట్టినప్పుడు."

ఆయన చొక్కా మీద చెయ్యి వేసి, కాలరు దగ్గర్నుంచి కిందిదాకా ఒక్కో గుండీనీ తడుముతూ వెళ్లి, మళ్లీ పైకి వచ్చాడు.

"ఏ రంగు?" అన్నాడు.

"ఆకుపచ్చ."

"ఎన్నోది?"

టైలరమ్మ లేచి వెళ్లి ఆయన పక్కన కూర్చుంది. ఆయన వేలు పట్టుకుని రెండో గుండీ మీద పెట్టింది.